ఉత్తరాంధ్ర వాడ నుంచి – 17: పిచ్చోడని ముద్ర వేసే చెయ్యి మీద ఎవరి నిఘా?



పోయిన రెండు భాగాల్లో సంక్షేమ హాస్టళ్ల గురించి రాశాను. అవి చదివి పలాస నుంచి, బొబ్బిలి నుంచి, చీపురుపల్లి నుంచి ఫోన్లు చేశారు. అడిగిన మాట దాదాపు ఒకటే. "అన్నా, మా గుంటడు రాత్రిళ్లు నిద్రపోడం లేదు, ఎవరితోనూ మాటాడ్డం లేదు. ఎవరి కాడికి అట్టుకెళ్లాల? టౌన్లో బోర్డులు శానా ఉన్నాయి. అందులో అసలోడు ఎవడో, ఉత్తోడు ఎవడో మాకేటి తెలుస్తాది?"

చిన్న ప్రశ్నలా ఉంది గానీ చిన్నది కాదు. మనిషి మనసుకి వైద్యం చేస్తానని కుర్చీ వేసుకుని కూర్చున్నవాడిని ఎవరు పరీక్షించారు? వాడు తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకుంటే వినేవాడు ఎవడు, వాడి కులం ఏమిటి?

నా మాట ముందే చెప్పేస్తాను. మానసిక వైద్యం చేసేవాళ్ల మీద, కౌన్సెలర్ల మీద ప్రభుత్వ నియంత్రణ కావాలి. గట్టిగా కావాలి. కానీ ఆ నియంత్రణ రోడ్డు పక్కన ఫ్లెక్సీ కట్టినవాడి దగ్గరే ఆగిపోతే మనకి ఒరిగేది లేదు. ప్రభుత్వ ఆసుపత్రి మీద, అక్కడికి మనిషిని ఈడ్చుకెళ్లే పోలీసు మీద, కేసు షీటులో జబ్బు పేరు రాసే చెయ్యి మీద కూడా అంతే నిఘా ఉండాలి. ఆ నిఘా పెట్టేవాళ్లలో మన మనిషి ఉండాలి. ఇది ఊహించి చెప్తున్నది కాదు. మన కళ్ల ముందు విశాఖ రోడ్డు మీద జరిగింది.

డాక్టర్ సుధాకర్‌ని మర్చిపోయారా?

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టర్. దళితుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి రోజుల్లో, డాక్టర్లకి ఎన్95 మాస్కులు ఇవ్వడం లేదని నోరు తెరిచి చెప్పాడు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాళ్లతో కట్టి పోలీసులు ఆయన్ని ఈడ్చిన వీడియో దేశమంతా చూసింది. ఆ తరవాత ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లారు? కేజీహెచ్‌కి. అక్కడి నుంచి చినవాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలకి. మాస్కు అడిగిన డాక్టర్ నెల పదిరోజులు తిరక్కుండా మానసిక రోగి అయ్యాడు.

తనకి తప్పుడు మందులు ఇస్తున్నారని, తనని వేరే ఆసుపత్రికి మార్చమని ఆయన లోపలి నుంచే ఉత్తరం రాశాడు. హైకోర్టు ఆదేశంతో న్యాయాధికారి వెళ్లి ఆయన వాంగ్మూలం తీసుకున్నప్పుడు ఒంటి మీద ఆరు గాయాలు లెక్కకొచ్చాయి. ప్రభుత్వం పెట్టిన నివేదికలో ఒకటే గాయం. ఈ తేడా చూసే మే 22న హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది. ఆయన తల్లి హెబియస్ కార్పస్ వేస్తే గానీ జూన్ మొదటి వారంలో ఆయన బయటికి రాలేదు. ఏడాది తిరిగేసరికి, 2021 మే 21న, గుండె ఆగి చనిపోయాడు.

"ఆయన నిజంగానే బాగోలేదేమో, తాగి ఉన్నాడేమో, నీకేం తెలుసు?" అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సరే, ఒక్క నిమిషం అదే నిజం అనుకుందాం. బాగోలేని మనిషిని ఎలా చూడాలో చెప్పడానికే కదా చట్టం ఉంది! మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 తీసి చదవండి. 100వ సెక్షన్ పోలీసుల గురించే. మానసిక సమస్య ఉందని అనుమానం వస్తే ఆ మనిషిని తన రక్షణలోకి తీసుకోవాలి, ఎందుకు తీసుకుంటున్నారో అతనికి చెప్పాలి, 24 గంటల్లో దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. చట్టం వాడిన మాట రక్షణ. తాడు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఆసుపత్రికీ అలాగే రూలు ఉంది. తనంతట తాను చేరలేని స్థితిలో ఉన్న మనిషిని చేర్చుకోవాలంటే 89వ సెక్షన్ ప్రకారం అతని ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఒక సైకియాట్రిస్ట్, ఇంకొకరు విడివిడిగా పరీక్ష చేసి ఒకే మాటకి రావాలి, ఏడు రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకి తెలియజెయ్యాలి. ఆడవాళ్లయితే, మైనర్లయితే మూడు రోజుల్లోనే. లోపలున్న మనిషి ఆ బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు. 3వ సెక్షన్ ఇంకా ముఖ్యం. రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థితిని బట్టి ఎవరినీ మానసిక రోగి అని తేల్చకూడదు. చుట్టూ ఉన్న సమాజం విలువలకి ఎదురు తిరిగాడని కూడా తేల్చకూడదు.

చూశారా, ఎదురు మాట్లాడినవాడిని పిచ్చోడని లోపల వేసే అలవాటు రాజ్యానికి ఉందని చట్టం రాసినవాళ్లకి తెలుసు. తెలిసే ఆ వాక్యం రాశారు. కానీ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది 2017 ఏప్రిల్ 7న. మూడేళ్లు దాటాక కూడా ఒక తల్లి కొడుకుని బయటికి తెచ్చుకోడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆయన డాక్టరు, పైగా వీడియో ఉంది, రాజకీయ పార్టీలకి ఆ కేసుతో పని పడింది, అందుకని ఆ తలుపు తెరుచుకుంది. మరి వంగరలోనో మెళియాపుట్టిలోనో కూలికెళ్లే మాదిగ ఆడమనిషిని "దీనికి గాలి తగిలింది" అని అత్తింటివాళ్లు తీసుకెళ్లి ఎక్కడో పడేస్తే? ఆమె కోసం హెబియస్ కార్పస్ ఎవరేస్తారు?

అందుకే జిల్లా దగ్గర బోర్డు ఉండాలని అడుగుతున్నాం. అది అమరావతిలో ఉంటే ఇచ్ఛాపురం మనిషికి లేనట్టే.

ఇప్పుడు మన రెండు జిల్లాల సంగతికి వద్దాం. ఇచ్ఛాపురం నుంచి చినవాల్తేరుకి రెండొందల కిలోమీటర్ల పైమాట. తెల్లారగట్ల బస్సెక్కాలి, ఒకరోజు కూలి పోతుంది, తోడెళ్లే మనిషి కూలీ పోతుంది, ఓపీ చీటీ దగ్గర మధ్యాహ్నం అవుతుంది, డాక్టరు మాట్లాడేది అయిదు నిమిషాలు. శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది. విజయనగరంలో 2023 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ చూపించుకోండి, చూపించుకోవాలి కూడా. కానీ వంశధార అవతల కొండ ఊళ్లకి, ఉద్దానం తోటలకి, భోగాపురం పల్లెకార్ల రేవులకి మందు చీటీ మళ్లీ మళ్లీ రాసే మనిషి దగ్గర్లో కావాలి. మనసు జబ్బుకి ఒకసారి సూది వేస్తే సరిపోదు.

చట్టం దీని గురించి కూడా చెప్పింది. 18వ సెక్షన్ ప్రకారం మానసిక వైద్యం ప్రతి మనిషి హక్కు. దూరాలు తిప్పకూడదు. పేదవాడికి, ఇల్లు లేనివాడికి ఉచితం, రేషన్ కార్డు లేకపోయినా ఉచితమే. కనీస సేవలు జిల్లాలో లేకపోతే, ఆ జిల్లాలోనే వేరేచోట చేయించుకున్న ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఈ చివరి ముక్క మీలో ఎంతమందికి తెలుసు? ఏ సచివాలయం గోడ మీదైనా చూశారా? 31వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాలకి తగ్గట్టు మానసిక వైద్య సిబ్బందిని పెంచడానికి ప్రభుత్వం ప్రయత్నించాలి. అమల్లోకి వచ్చింది 2018లో. అంటే గడువు 2028. ఎన్నికల మేనిఫెస్టోల్లో ఈ గడువు గురించి చదివినవాళ్లు ఉంటే నాకు చెప్పండి.

2015-16లో నిమ్హాన్స్ జాతీయ సర్వే చేసింది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. లెక్కల్లోకే ఎక్కని బాధ మనది.

ప్రభుత్వం లేని చోటికి ఎవడు వస్తాడు? బోర్డువాడు వస్తాడు.

మన టౌన్లలో గోడలు చూడండి. హిప్నోథెరపీ, మైండ్ పవర్, పిల్లల జ్ఞాపకశక్తి, భార్యాభర్తల తగాదా, మందు మాన్పించడం, అన్నీ ఒకే ఫ్లెక్సీ మీద. చట్టం లెక్కలో సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మనోవైద్యం చదివిన డాక్టర్. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, ఆ కౌన్సిల్‌కి 1992 నాటి చట్టం ఉంది. "కౌన్సెలర్" అన్న మాటకి మాత్రం చాలా కాలం కాపలా లేదు. ఎవడైనా పెట్టుకోవచ్చు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తెచ్చి కౌన్సెలర్లని, సోషల్ వర్కర్లని ఒక పద్దు కిందికి తెచ్చారు. ఆ చట్టం కింద రాష్ట్రాల్లో కౌన్సిళ్లు పెట్టమని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వాలు తాము చేసిన చట్టాన్ని తామే అమలు చెయ్యడానికి కోర్టు కర్ర కావాలి!

2017 చట్టం 55వ సెక్షన్ చూడండి. క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక వైద్య నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఎవరెవరో రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ నమోదు చేసి ఆ జాబితా అందరికీ తెలిసేలా ప్రకటించాలి. మనుషుల్ని ఉంచి వైద్యం చేసే ప్రతి చోటూ నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, మళ్లీ మళ్లీ చేస్తే 5 లక్షల దాకా. గొలుసులతో కట్టెయ్యడం 95వ సెక్షన్ కింద పూర్తిగా నిషేధం. ఈ వాక్యం వెనక శవాలున్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఒక షెడ్డుకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పరుగెత్తలేక కాలిపోయారు. దర్గా దగ్గర నయమవుతుందని ఇంటోళ్లే తెచ్చి వదిలిన మనుషులు వాళ్లు. మన దగ్గర కూడా చిల్లంగి అని, చెడుపు అని, భూతవైద్యుడి కాడికి తీసుకెళ్లి వేపమండలతో కొట్టించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. చిల్లంగి పెట్టిందని వేలు చూపించేది ఎవరి ఇంటి వైపో మనకి తెలుసు.

ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. ఇక ఒప్పుకోని మాట చెప్తాను.

సర్టిఫికెట్ ఉన్నవాడు వస్తే మన పిల్లల బాధ తీరుతుందా?

మా చెల్లి కొడుకు ఇంటర్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. మార్కుల్ని బట్టి సెక్షన్లు. చివరి సెక్షన్లో ఎవరుంటారో మీరే ఊహించుకోండి. వాడికి అన్నం సయించడం మానేసింది. కాలేజీవాళ్లు కౌన్సెలర్ అని ఒకాయన దగ్గర కూర్చోబెట్టారు. ఆయన అడిగిన రెండో ప్రశ్న, "కేటగిరీ ఏంటి?" వాడు చెప్పాడు. "మరింకేం, మీకు సీటు ఎలాగూ వస్తుంది కదా, టెన్షన్ ఎందుకు? నీది ఇన్‌ఫీరియారిటీ కాంప్లెక్స్" అని తేల్చేశాడు. నేను వెళ్లి ఆయన చదువేంటని అడిగితే మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిక్షణ పత్రం చూపించాడు. సరే, అది నకిలీ అనుకున్నాం. పట్నం తీసుకెళ్లి అన్ని డిగ్రీలూ ఉన్న ఇంకొకరికి చూపించాం. ఆవిడ చాలా మర్యాదగా, చాలా శాస్త్రీయంగా, అదే మాట ఇంగ్లీషులో చెప్పింది. కులం గురించి వాడు ఎత్తిన ప్రతిసారీ "దాన్ని పక్కన పెడదాం, నీ ఆలోచనల గురించి మాట్లాడదాం" అంది.

వాడి ఆలోచనలు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా? వార్డెన్ పెట్టిన పేరు నుంచి వచ్చాయి. మెస్సులో వేరుగా తోసిన ప్లేటు నుంచి వచ్చాయి. ఆ ప్లేటు పక్కన పెడితే ఇంక వైద్యం దేనికి?

ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో తెలియలేదు. 18వ సెక్షన్‌లో కులం పేరుతో వివక్ష చూపకూడదని స్పష్టంగా ఉంది. 28వ సెక్షన్‌లో సేవల్లో లోపం ఉంటే ఆసుపత్రి అధికారికి, తరవాత బోర్డుకి, ఆపైన రాష్ట్ర అథారిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చని ఉంది. కానీ బోర్డులో ఎవరుండాలో 74వ సెక్షన్ చెప్పింది. జిల్లా జడ్జి స్థాయి చైర్‌పర్సన్, కలెక్టర్ ప్రతినిధి, సైకియాట్రిస్ట్, ఇంకో డాక్టర్, జబ్బు అనుభవం ఉన్నవాళ్లో వాళ్లని చూసుకునేవాళ్లో సంస్థలవాళ్లో ఇద్దరు. ఎస్సీ, ఎస్టీ అన్న మాట ఎక్కడా లేదు. వివక్ష వద్దు అని ఒక చోట రాసి, దాన్ని పసిగట్టగల మనిషికి మాత్రం కుర్చీ వెయ్యలేదు.

రోహిత్ వేముల చనిపోయింది 2016 జనవరి 17న. తరవాత వేసిన ఏకసభ్య కమిషన్ దాన్ని వ్యక్తిగత నిరాశ ఖాతాలో రాసింది. సాంఘిక బహిష్కారం అనాల్సిన చోట నిరాశ అనే మాట వచ్చి కూర్చుంటే నేరస్తుడు మాయమైపోతాడు. అందుకే మానసిక వైద్యం మీద నిఘా మనకి కులం సమస్య. డాక్టర్ల సంఘాలకి వదిలేసే సంగతి కాదిది.

2012 జూన్ 12న లక్ష్మింపేటలో మద్దువలస ముంపు భూముల దగ్గర అయిదుగురు దళితుల్ని చంపారు. చనిపోయినవాళ్లని లెక్కపెట్టారు, విరిగిన ఎముకల్ని లెక్కపెట్టారు. తండ్రిని కత్తులతో నరుకుతుంటే చూసిన పిల్లల నిద్ర ఏ ఎఫ్ఐఆర్‌లో ఉంది? అలాంటి ఊరికి ఒక సైకియాట్రిస్ట్ ఏళ్ల తరబడి వెళ్లాల్సిన అవసరం ఉందని ఏ నియంత్రణ సంస్థ ఎప్పుడు తీర్మానం చేసింది?

ఇక రెండో వైపు మాట. నియంత్రణ అనగానే డిగ్రీ గోడ కడతారు. ఎం.ఫిల్, నమోదు ఫీజు, ఇంగ్లీషు ఇంటర్వ్యూ. ఆ గోడ దాటి లోపలికి వెళ్లగలిగిన మన పిల్లలు ఎంతమంది? ఇవాళ వాడలో అర్ధరాత్రి పురుగుల మందు డబ్బా చేతిలోంచి లాక్కునేది ఆశా కార్యకర్త, పక్కింటి అత్త, చర్చిలో పాస్టరమ్మ, హాస్టల్‌లో సీనియర్ అన్న. వీళ్లని అనర్హులు అని తరిమేసే చట్టం మనకి వద్దు. పక్కన కూర్చుని వినడం నేరం కాకూడదు. మందు రాయడం, జబ్బు పేరు పెట్టడం, మనిషిని గదిలో ఉంచడం, ఫీజు తీసుకుని "నేను థెరపిస్టుని" అనడం, ఈ నాలుగింటికీ కాపలా కావాలి.

అలాగని "మీకు ఆశా కార్యకర్త చాలు" అంటే కూడా ఊరుకోం. పట్నంవాళ్లకి సైకియాట్రిస్టు, మాకు వాలంటీరా? ఆశా అక్కకి శిక్షణ ఇవ్వండి, దానికి జీతం ఇవ్వండి, ఆమె ఫోన్ చేస్తే ఎత్తే డాక్టర్ని జిల్లాలో పెట్టండి.

2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి పోరాడిన కేసు అది. దర్యాప్తు సీబీఐకి ఇస్తూ కోర్టు దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు పెట్టింది. వందమంది పైన విద్యార్థులుంటే శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టకూడదు, అందరి ముందు అవమానించకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడానికి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మంచి తీర్పు. కానీ మనం కళ్లు మూసుకుంటే ఉన్న లెక్చరర్ మెడలోనే "కౌన్సెలర్" అని ఇంకో కార్డు వేస్తారు. తీర్పు అమలైపోయినట్టే!

కాబట్టి మన డిమాండ్లు ఇవి.

1. నమోదైన మానసిక వైద్య నిపుణుల జాబితా తెలుగులో, జిల్లాల వారీగా, ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి సచివాలయంలో గోడ మీద ఉండాలి.

2. సమీక్ష బోర్డు శ్రీకాకుళంలో, విజయనగరంలో, పార్వతీపురంలో కూర్చోవాలి. అందులో ఎస్సీ, ఎస్టీ సభ్యులు తప్పనిసరి చెయ్యాలి. చట్టం మార్చేదాకా ఆగక్కర్లేదు. ఆ చివరి రెండు కుర్చీల్లో మనవాళ్లని వెయ్యడానికి ఇప్పుడు కూడా అడ్డు లేదు.

3. పోలీసులు తెచ్చిన ప్రతి మానసిక అడ్మిషన్‌నీ బోర్డు తనంతట తాను చూడాలి. గాయాల నమోదు వేరే డాక్టర్ చెయ్యాలి. సుధాకర్ కేసు నేర్పిన పాఠం ఇదే.

4. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ ఎజెండాలో బాధితుల మానసిక వైద్యం ఒక అంశం కావాలి.

5. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో కౌన్సెలర్ పోస్టులు రెగ్యులర్ పోస్టులుగా, రోస్టర్ ప్రకారం భర్తీ చెయ్యాలి. ఏజెన్సీకి అప్పగించకూడదు.

డిమాండ్లు రాసి లైకులు లెక్కపెట్టుకుంటే పని జరగదు. ఈ నెలలో ఒక్క పని చేద్దాం. ప్రతి మండలం నుంచి ఒక్కరు సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. జిల్లా స్థాయి ఆఫీసుకి పది రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి నాలుగే. మన జిల్లాలో నమోదైన మానసిక వైద్య సంస్థలు, డీ-అడిక్షన్ సెంటర్లు ఏవి? నమోదైన నిపుణులు ఎవరు? మన జిల్లాని చూసే సమీక్ష బోర్డు సభ్యులు ఎవరు, పోయిన ఏడాది ఎన్నిసార్లు కూర్చున్నారు? వందమంది పైన పిల్లలున్న కాలేజీల్లో కౌన్సెలర్ల అర్హతలు ఏమిటి? జవాబు వస్తే నాకు పంపండి. రాకపోతే ఆ రాలేదన్న సంగతి కూడా పంపండి, అదే మనకి ఆధారం.

ఈలోపు ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ఆగొద్దు. 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రిమ్స్‌కో, విజయనగరం పెద్దాసుపత్రికో వెళ్లండి. ఎదుటివాడు రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే కోప్పడితే లేచి వచ్చెయ్యండి. మంచి డాక్టరు కోప్పడడు. గోడ మీద నంబరు చూపిస్తాడు. మందులు మొదలుపెడితే మాత్రం మీ అంతట మీరు ఆపెయ్యకండి. మన కోపం వ్యవస్థ మీద గానీ వైద్యం మీద కాదు.

వచ్చే భాగంలో డీ-అడిక్షన్ సెంటర్ల గురించి రాస్తాను. అక్కడ ఉండి వచ్చిన తమ్ముళ్లు ఇద్దరు మాట్లాడతామన్నారు. పేర్లు రాయను. ఇంకెవరైనా చెప్పాలనుకుంటే నాకు మెసేజ్ పెట్టండి.

జై భీమ్.